ఇంటి నుండే మెడికల్ కోడింగ్ చదువు – అల్ వర్సాన్ నుండి కొన్ని మాటలు

(మహాసభలలో వృత్తివిద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేనుండేది దుబాయిలోని అల్ వర్సాన్. డ్రాగన్ మార్ట్ పక్కన ఇంటర్నేషనల్ సిటీ అని పెద్ద అపార్టుమెంట్ల సముదాయం ఉంది. చైనా, రష్యా, పర్షియా, మొరాకో అని ఒక్కో క్లస్టరుకు ఒక్కో దేశం పేరు. పేరు ఏ దేశానిదైనా సాయంత్రం మెట్లెక్కుతుంటే వచ్చే పోపు వాసన మాత్రం మనదే! అద్దెలు ఊరి నడిబొడ్డుకంటే తక్కువ కాబట్టి ఓ మోస్తరు జీతాల కుటుంబాలు ఇక్కడ చేరుతాయి. భర్తలు ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్ళిపోయాక ఇళ్ళలో మిగిలేవాళ్ళలో బి.ఫార్మసీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, నర్సింగ్ చదివిన అమ్మాయిలు ఎందరో. పట్టాలు సూట్‌కేసు అడుగున ఉంటాయి. నేను క్లెయిముల విభాగంలో పనిచేస్తానని తెలిసి వాళ్ళు అడిగే మాట ఒకటే: "అక్కా, ఆన్‌లైన్‌లో కోడింగ్ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందా?"

వస్తుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా ఫీజు తీసుకునేవాళ్ళు. నా జవాబు కాస్త పొడుగు. ఓపిక పట్టండి.

ముందుగా ఒక మాట. ఇది కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కోడింగ్ కాదు. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి కోడింగ్ చేస్తుంది" అంటే సాఫ్ట్‌వేర్ అనుకున్నవాళ్ళు నాకు తెలుసు. డాక్టరు కేస్ షీటులో రాసిన జబ్బును, చేసిన చికిత్సను అంకెల, అక్షరాల గుర్తులలోకి మార్చడం ఈ పని. జబ్బుల పట్టిక పాతదే. 1893లో ఫ్రాన్సుకు చెందిన బెర్టిలాన్ మరణ కారణాలకు తయారుచేసిన జాబితా నుండి పెరుగుతూ వచ్చింది. దాని పదవ కూర్పును అమెరికా తన అవసరాలకు విస్తరించి 2015 అక్టోబరు 1 నుండి వాడుతోంది. సుమారు 70,000 కోడ్లు. చికిత్సలకు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదలుపెట్టిన సి.పి.టి. పుస్తకం వేరే ఉంది.

తమాషా ఏమిటంటే దుబాయి, అబుదాబి కూడా ఈ అమెరికా పుస్తకాలనే తీసుకున్నాయి. అమీర్‌పేటలో ఒక పిల్ల అమెరికా ఆసుపత్రి కోసం నేర్చుకునే చదువు అల్ వర్సాన్‌లో కూడా చెల్లుతుంది. ఒక్క జాగ్రత్త. అమెరికాలో ఏటా పుస్తకం మారినప్పుడు ఇక్కడ అదే రోజున మారదు. ఇక్కడి ఆరోగ్య శాఖ ఏ సంచికను ప్రకటిస్తే అదే ప్రమాణం.

ఈ పనికి ఇక్కడ గిరాకీ ఎందుకు వచ్చిందంటే, దుబాయి 2013లో 11వ నంబరు చట్టంతో ఆరోగ్య బీమాను తప్పనిసరి చేసింది. తరువాతి సంవత్సరాలలో దశలవారీగా అమలైంది. మిగిలిన ఎమిరేట్లలో ప్రైవేటు ఉద్యోగులకు కూడా 2025 జనవరి 1 నుండి తప్పనిసరి అయింది. ప్రతి క్లినిక్కూ క్లెయిములు ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే పంపాలి. దుబాయిలో ఈ-క్లెయిమ్ లింక్, అబుదాబిలో షఫాఫియా ద్వారా. ఇంకో చట్టం మనవాళ్ళు పట్టించుకోరు. 2019 నాటి ఫెడరల్ చట్టం 2 ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఇక్కడి రోగుల సమాచారం దేశం దాటి పోకూడదు. అమెరికా వారి కేస్ షీట్లను రాత్రికి రాత్రి హైదరాబాదులో కోడు చేసినంత తేలిగ్గా ఇక్కడివి చేయడం కుదరదు. కాబట్టి కొంత పని ఇక్కడే మిగిలింది. సాధన కోసమని ఎవరైనా ఆసుపత్రి కాగితాలు ఫోనులో ఫోటో తీసి పంపితే తీసుకోకండి. అది చిన్న తప్పు కాదు.

ఇక అసలు పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక పెద్దాయనకు చక్కెర జబ్బు, రక్తపోటు, మూడో దశ మూత్రపిండాల జబ్బు ఉన్నాయని డాక్టరు మూడు వరుసల్లో రాశారు. కొత్తగా నేర్చినవాళ్ళు పుస్తకం వెతికి మూడు కోడ్లు పెడతారు: ఇ11.9, ఐ10, ఎన్18.30. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కాని మొదటి రెండూ తప్పు. చక్కెర, మూత్రపిండాల జబ్బు కలిసి ఉంటే, సంబంధం లేదని డాక్టరు రాయనంతవరకూ, సంబంధం ఉన్నట్టే తీసుకోమని నియమం. రక్తపోటుకూ అంతే. కాబట్టి ఇ11.22, ఐ12.9, ఎన్18.30 రావాలి. ఈ నియమం కోడ్ల పట్టికలో వెతికితే దొరకదు, పుస్తకం మొదట్లో ఉండే మార్గదర్శకాలలో ఉంటుంది. అవి చెప్పకుండా జాబితాలు బట్టీ పట్టించే కోర్సులు ఎన్నో ఉన్నాయి. "డెంగీ అనుమానం" అని ఓపీ చీటీలో ఉంటే డెంగీ కోడు వేయకూడదనీ, జ్వరం కోడే వేయాలనీ చెప్పని మాస్టారి దగ్గర ఫీజు కట్టకండి.

తప్పు కోడుతో ఏమవుతుంది, కాగితం తిరిగొస్తుంది, అంతే కదా అనుకోవచ్చు. ఇంటి దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుండి ముందస్తు అనుమతి అంటే ఏమిటో మన పల్లెల్లో కూడా తెలుసు. ఇక్కడ దాన్ని అప్రూవల్ అంటారు. జగిత్యాల నుండి వచ్చిన ఒక తాపీ మేస్త్రి ఉన్నాడనుకోండి. నడుము నొప్పి కాలులోకి దిగుతోంది, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. డాక్టరు ఎం.ఆర్.ఐ. రాశారు. ఫారంలో ఉత్త నడుము నొప్పి కోడు పడింది. ఈ మాత్రానికి స్కానింగ్ అవసరం లేదని బీమావారు తిప్పి పంపుతారు. అతను క్యాంపుకు వెళ్ళి మాత్రలు మింగి మర్నాడు బరువులెత్తుతాడు. నరం ఒత్తుకుంటున్న సంగతి డాక్టరు కేస్ షీటులో రాసి ఉంటే దానికి తగిన కోడు వేయడం మన బాధ్యత. రాయకపోతే మనంతట మనం వేయకూడదు. డాక్టరును అడగాలి. "సార్, మీరు పరీక్షలో చూసింది కాగితం మీద లేదు" అని అడిగే ధైర్యం కావాలి. డబ్బు ఎక్కువ వస్తుందని లేని జబ్బు కోడు వేయమనేవాళ్ళూ తగులుతారు. అది మోసం కిందికి వస్తుంది.

చదువు సంగతికి వద్దాం. హైదరాబాదు మనకంటే గంటన్నర ముందు. అక్కడ రాత్రి ఏడు గంటల క్లాసు మనకు అయిదున్నరకు, సరిగ్గా పిల్లల హోంవర్కు వేళకు. కాబట్టి రికార్డు చేసిన పాఠాలు ఇస్తారా అని ముందే అడగండి. ఎ.ఎ.పి.సి. వారి సి.పి.సి. పరీక్ష ఇంటి నుండే కెమెరా ముందు రాయవచ్చు. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం రావాలి. కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకోవచ్చు. పుస్తకాలుంటే తేలికే అనుకుంటారు. ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా లేవు. పుస్తకంలో చెయ్యి తిరగకపోతే ముప్ఫయ్యో ప్రశ్న దగ్గరే గంటన్నర అయిపోతుంది. పాసైనా అనుభవం లేనివారి బిరుదు చివర అప్రెంటిస్ అని ఒక అక్షరం తగిలిస్తారు. ఇక్కడి ప్రకటనలు ఎక్కువగా అడిగేది స్థానిక అనుభవం. నా సలహా ఏమిటంటే, కోడర్ ఉద్యోగం కోసమే పట్టు పట్టకుండా క్లినిక్ రిసెప్షన్, అప్రూవల్ డెస్క్, బిల్లింగ్ కౌంటర్, ఏది దొరికితే అది అందుకోండి. ఆరు నెలలు తిరిగొచ్చిన క్లెయిములు చూస్తే కోర్సు చెప్పనిది తెలుస్తుంది. భర్త వీసా మీద ఉన్నా ఉద్యోగానికి కంపెనీ తీసే వర్క్ పర్మిట్ ఉండాలి, మరచిపోకండి.

"కోర్సుతో పాటు ఉద్యోగం, వీసా ఖాయం, ఇంత కట్టండి" అనేవారి గురించి ఎక్కువ చెప్పను. 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చు ఉద్యోగి నుండి వసూలు చేయకూడదు. దుబాయిలో శిక్షణ సంస్థకు కె.హెచ్.డి.ఎ. అనుమతి ఉందో లేదో అడిగి చూడండి. మొహం మాడిందంటే లేచి వచ్చేయండి.

డేటా అనలిటిక్స్ అనగానే పైథాన్, పవర్ బి.ఐ. అని పెద్ద పేర్లు చెబుతారు. నేర్చుకోండి, మంచిదే. కాని మొదలు ఎక్సెల్‌తో పెట్టండి. ఒక నెలలో 1,000 క్లెయిములు వెళ్ళి 120 తిరిగొచ్చాయనుకోండి. ఏ బీమా కంపెనీ, ఏ డాక్టరు, ఏ కారణం అని పివట్ టేబుల్ వేస్తే, అందులో 50 ఒకే డాక్టరువి, అప్రూవల్ తీసుకోనివి అని కనిపించవచ్చు. మేనేజరుకు ఆ ఒక్క కాగితం చూపగలిగిన మనిషికి క్లినిక్కులో విలువ వేరు.

యంత్రాలు ఈ పనిని తినేస్తాయా అని అమెరికా నుండి వచ్చినవారు పొద్దున్నే అడిగారు. కొంత తింటాయి. 2000 ప్రాంతంలో హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్పే కేంద్రాలు సందుకొకటి ఉండేవి. మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ బోర్డులు దిగిపోయాయి. ఎక్స్‌రే రిపోర్టుల వంటి తేలిక కోడింగ్ ఇప్పుడు అదే దారిలో ఉంది. యంత్రం వేసిన కోడు సరిచూడటం, తిరిగొచ్చిన క్లెయిముకు జవాబు రాయడం, డాక్టరును అడగడం ఇంకా మనుషుల దగ్గరే ఉన్నాయి. అందుకే నేర్చుకునేటప్పుడే వాటి వైపు మొగ్గండి.

హాలు బయట ఎడమవైపు బల్ల మీద మూడు కేస్ షీట్లు పెట్టాను. నేను కల్పించి రాసినవే, ఏ రోగివీ కావు. పక్కన కోడ్ పుస్తకమూ, మార్గదర్శకాల పేజీలూ ఉన్నాయి. ఏ కోర్సుకైనా డబ్బు కట్టబోయేవారు ఒక గంట కూర్చుని వాటిని ప్రయత్నించి చూడండి. భోజనాల తరువాత నేను అక్కడే ఉంటాను. సెలవు.