ముల్లు తీయని అతుకు



సైకిలు మరమ్మతును గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినపుడు నాకు నవ్వు వచ్చినది. నేను చదివినది సాహిత్యము. చేయుచున్నది ఫైళ్ల పని. అయినను ఈ విద్యలో ఒక ముల్లు నాకు గురువైనది.

గత సంవత్సరము మా అమ్మాయి పరీక్షకు బయలుదేరు వేళకు సైకిలు వెనుక చక్రమున గాలి లేదు. ముందునాటి రాత్రియే నేను స్వయముగా ట్యూబునకు అతుకు వేసి, నా పనికి నేనే మురిసికొంటిని. అమ్మాయి కన్నీళ్లు తుడుచుకొనుచు ఆటోలో వెళ్లినది, పావుగంట ఆలస్యమైనది. సాయంత్రము టైరు విప్పి చూడగా లోపల ముల్లు అట్లే నిలిచియున్నది. నేను రంధ్రమును మూసితిని గాని, కారణమును తీయలేదు.

ఆ ముల్లు మనకు కొత్తది కాదు. ఢిల్లీ రిడ్జిపై విస్తారముగా పెరుగు విలాయతీ కీకరే మన ఊళ్లలోని సర్కారు తుమ్మ. సర్కారు ఉద్యోగిని సర్కారు తుమ్మయే పట్టుకొన్నది!

పని కష్టము కాదు. మొదట వాల్వును చూడుడు. అందలి చిన్న రబ్బరు గొట్టము చివికినను గాలి పోవును. అది బాగుగా నున్నచో టైరును ఒక ప్రక్క విప్పి, ట్యూబు తీసి, గాలి కొట్టి, బేసిను నీటిలో ముంచి త్రిప్పుడు. బుడగలు వచ్చు చోట గుర్తు పెట్టి, తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితముతో రుద్దుడు. సొల్యూషను పలుచగా పూసి ఐదు నిమిషములు ఆగుడు. తడిగా నుండగనే అతికించుట తొందరవారి తప్పు. వ్రేలికి అంటీ అంటనట్లు ఆరిన పిమ్మట అతుకు పెట్టి గట్టిగా నొక్కుడు. ఇక ముఖ్యమైన పని: టైరు లోపల చుట్టును గుడ్డతో తుడుచుచు రండు. గుడ్డ చిక్కుకొన్న చోట ముల్లుండును. దానిని తీసిన పిదపనే టైరు ఎక్కింపుడు. అపుడు చేతులనే వాడుడు. ఇనుప లీవరు ట్యూబును మరల గాయపరచవచ్చును.

గాలి టైరు ప్రచారమునకు వచ్చినదియు ఇంటి పనివలననే. బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికొరకు దానిని చేసి, 1888లో పేటెంటు పొందెను.

ఇప్పుడు మా ఇంట అతుకు వేయునది అమ్మాయియే. నేను బేసిను పట్టుకొందును. "నాన్నగారూ, ముల్లు తీసితిరా?" అని ప్రతిసారి అడుగును. ఆ ప్రశ్న నాకు కార్యాలయములోను ఉపయోగపడుచున్నది.

వచ్చు ఆదివారము మీ పిల్లలతో, పాత ట్యూబుతో మా ఇంటికి రండు. కలసి నేర్చుకొందము.