స్తంభం వెనక సీటు



ఒక క్రికెట్ పిచ్చోడు బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తే ఏమైందో ఈరోజు చెప్తాను. ఆ పిచ్చోడిని నేనే.

బోస్టన్‌లో ఎమ్మెస్ మొదటి ఏడాది. ఇంటర్న్‌షిప్ రాలేదు. రూమ్మేట్లకి వచ్చింది, వాళ్లంతా వేరే ఊళ్లకి వెళ్లిపోయారు. జూన్‌లో ఒక శనివారం రూమ్‌లో ఒక్కడినే ఉండలేక, ఫోన్ తీసి, ఫెన్‌వే పార్క్‌లో అన్నిటికంటే చవకైన టికెట్ కొన్నాను. అంత చవక ఎందుకో లోపలికెళ్లాక అర్థమైంది. నా సీటు ముందు ఇంత లావు ఇనప స్తంభం ఉంది.

నవ్వకండి. ఆ స్టేడియం 1912 ఏప్రిల్ 20న మొదలైంది. టైటానిక్ మునిగి అప్పటికి ఐదు రోజులు. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆడుతున్న స్టేడియాల్లో అన్నిటికంటే పాతది అదే. పైకప్పుని ఆ స్తంభాలే మోస్తున్నాయి, తీసెయ్యలేరు. అందుకే దాని వెనక సీట్లు తక్కువకి అమ్ముతారు.

కెన్‌మోర్ స్టేషన్‌లో దిగితే దారి ఎవర్నీ అడగక్కర్లేదు. ఎర్ర టోపీలు, నీలం టోపీలు ఎటు పోతుంటే అటు పోవడమే. వీధంతా ఉల్లిపాయలు వేగుతున్న వాసన. లోపల చీకటి మెట్లెక్కి పైకి రాగానే ఒక్కసారిగా పచ్చటి గడ్డి. చిన్నప్పుడు మొదటిసారి గ్రౌండ్‌కి వెళ్లినప్పుడు కడుపులో ఏదో అవుతుంది చూడండి, అదే అయింది.

ఎడమ వైపు పెద్ద ఆకుపచ్చ గోడ. పేరు గ్రీన్ మాన్‌స్టర్. ఎత్తు 37 అడుగులు. మామూలుగా బౌండరీ దాటిపోయే షాట్లు దానికి తగిలి వెనక్కొస్తాయి. దాని మీద స్కోరు బోర్డు ఉంటుంది. ఇప్పటికీ మనుషులే గోడ లోపల కూర్చుని చేత్తో నంబర్లు మారుస్తారు. కుడి వైపు గ్యాలరీలో సీట్లన్నీ ఆకుపచ్చ, ఒక్కటి మాత్రం ఎరుపు. 1946లో టెడ్ విలియమ్స్ కొట్టిన బంతి 502 అడుగులు వెళ్లి అక్కడ పడింది. ఆ సీట్లో కూర్చున్నాయన గడ్డి టోపీకి చిల్లు పడింది. ఆ సీటుకి మాత్రం ఎరుపు వేసి ఉంచారు.

నా పక్క సీట్లో ఒక పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. ఆయనకీ స్తంభం అడ్డమే. పిచ్చర్ బంతి వేసేటప్పుడు ఆయన ఎడమకి వంగుతాడు, నేను కుడికి వంగుతాను. రెండు ఇన్నింగ్స్ అయ్యేసరికి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన ఒళ్లో స్కోర్ కార్డు, చేతిలో పెన్సిల్. ప్రతి బ్యాటర్ దగ్గరా ఏదో రాస్తున్నాడు. అడిగితే నేర్పించాడు. మూడు స్ట్రైకులు పడితే అవుట్, అప్పుడు ‘కె’ అని రాయాలి. బ్యాట్ ఊపి అవుటైతే మామూలు కె. ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే కె తిరగేసి రాయాలి. భలే ఉంది కదా!

అది చూస్తుంటే నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయనా అంతే. మ్యాచ్ వస్తుంటే నా రఫ్ బుక్ వెనక అట్ట మీద స్కోరు రాసేవారు. మర్నాడు స్కూల్లో తిట్లు నాకు.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి, ఒళ్లు విరుచుకుని, ఒక పాత పాట పాడతారు. ప్రతి స్టేడియంలోనూ ఉండే ఆచారం అది. మళ్లీ కూర్చున్నాక అడిగాను, “మీరు ఎప్పట్నుంచి వస్తున్నారు?” అని.

ఇక్కడ మీకు కొంచెం వెనక కథ చెప్పాలి. ఇది రెడ్ సాక్స్ టీం ఇల్లు. 1918కల్లా వాళ్లు వరల్డ్ సిరీస్ ఐదుసార్లు గెలిచారు. 1919 చివర్లో బేబ్ రూత్ అనే ఆటగాడిని న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేశారు. ఆ తర్వాత యాంకీస్ కప్పుల మీద కప్పులు, వీళ్లకి సున్నా. శాపం తగిలిందనేవాళ్లు. 1986లో ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు వీళ్లదే. పడలేదు. అదే మ్యాచ్ చివర్లో బంతి ఫీల్డర్ కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. తర్వాతి మ్యాచ్ కూడా ఓడారు, కప్పు పోయింది. అలా 86 ఏళ్లు. తాత చూడలేదు, కొడుకు చూడలేదు.

పెద్దాయన చెప్పాడు. “మా నాన్న 1920లో పుట్టాడు. నన్ను ఐదేళ్లప్పుడు ఇక్కడికి తీసుకొచ్చాడు. ప్రతి ఏడాదీ, వచ్చే ఏడాది మనదే అనేవాడు. 1999లో పోయాడు.”

ఇంకో ఐదేళ్లు అంతే. 2004లో సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో యాంకీస్ మీద 0-3తో వెనకపడ్డారు. నాలుగో మ్యాచ్, ఇదే గ్రౌండ్, తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక్క పరుగు తక్కువ. డేవ్ రాబర్ట్స్ అనే కుర్రాడు పరుగెత్తి రెండో బేస్ దొంగిలించాడు. అక్కడ తిరిగింది కథ. ఆ మ్యాచ్ గెలిచారు. వరసగా నాలుగూ గెలిచారు. అప్పటిదాకా మేజర్ లీగ్‌లో ఎవరూ చేయనిది. తర్వాత వరల్డ్ సిరీస్ 4-0.

“మర్నాడు పొద్దున్నే పేపర్ కొనుక్కుని శ్మశానానికి వెళ్లాను” అన్నాడాయన. “నేనొక్కడినే అనుకున్నాను. అక్కడ చూస్తే చాలా మంది ఉన్నారు. సమాధుల మీద టోపీలు, జెండాలు, పేపర్లు. నేను మొదటి పేజీ అంతా మా నాన్నకి చదివి వినిపించాను.”

ఇంకేం మాట్లాడలేదు. పెన్సిల్ తీసుకుని స్కోరు రాసుకుంటున్నాడు.

నాకు మాత్రం స్తంభమూ కనపడలేదు, గ్రౌండూ కనపడలేదు.

మా నాన్నకి 1983 నాటికి 19 ఏళ్లు. కపిల్ దేవ్ గెలిచిన రాత్రి రేడియో దగ్గర కూర్చున్న కథ నాకు వంద సార్లు చెప్పారు. “మళ్లీ మనం గెలిచేది నువ్వూ నేనూ కలిసి చూస్తాంరా” అనేవారు. 2011 జనవరిలో గుండెపోటుతో పోయారు. నాకు పదహారేళ్లు. ఏప్రిల్ 2న ధోనీ సిక్స్ కొట్టాడు. వీధంతా టపాసులు. మా ఇంట్లో టీవీ పెట్టలేదు. నేను డాబా మీద పడుకుని చెవులు మూసుకున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఆయన మీద. మూడు నెలలు ఆగలేకపోయారా అని. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు క్రికెట్ చూశాను కానీ, ఆ ఫైనల్ హైలైట్స్ మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పేపర్ పట్టుకెళ్లడానికి మాకు సమాధి కూడా లేదు. గోదావరిలో కలిపేశాం.

ఆ రోజు రెడ్ సాక్స్ ఓడిపోయింది. పెద్దాయన స్కోర్ కార్డు మడిచి నా చేతిలో పెట్టి, “మొదటి మ్యాచ్‌ది దాచుకోవాలి” అన్నాడు.

రూమ్‌కి నడుచుకుంటూ వచ్చి అమ్మకి ఫోన్ చేశాను. మనకి తెల్లవారుజామున ఐదున్నర. వాకిలి ఊడుస్తోంది. కంగారుపడింది, “ఏమైంది నాన్నా, ఈ టైంలో?” అని. పెద్దాయన సంగతి చెప్పాను. ఆ రోజు నాన్న మీద కోపం వచ్చిందని కూడా చెప్పాను. అదే మొదటిసారి.

అమ్మ కాసేపు ఏం అనలేదు. తర్వాత అంది, “ఆ మర్నాటి పేపర్ ఆయన ఫొటో ముందు పెట్టానురా. నాకు క్రికెట్ ఏం తెలుసు? కప్పు పట్టుకున్న బొమ్మ పైకి కనపడేలా పెట్టాను. సాయంత్రం దాకా ఉంచి, మడిచి ఆయన చొక్కాల కింద పెట్టాను. నువ్వు అప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడివి కాదు, అందుకని చెప్పలేదు.”

“ఇప్పుడు ఎక్కడుంది?”

“అక్కడే ఉంది. ఎక్కడికి పోతుంది?”

ఆ రాత్రి మొదటిసారి ఆ హైలైట్స్ చూశాను. మొత్తం. ధోనీ 91 నాటౌట్. కళ్లు తుడుచుకుంటూనే స్కోర్ కార్డు వెనక చివరి ఓవర్లు రాసుకున్నాను.

తర్వాతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఆ కార్డు కూడా తీసుకెళ్లి, ఆ పేపర్ పక్కనే పెట్టాను. చొక్కాల కింద.

మీరు ఎవరితో కలిసి మ్యాచ్ చూసేవాళ్లో, వాళ్లు ఉంటే ఈరోజు ఒక్క ఫోన్ చేయండి. స్కోరు ఎంతని అడగండి చాలు, మిగతాది వాళ్లే మాట్లాడతారు. వాళ్లు లేకపోతే, ఇంట్లో ఉన్నవాళ్లని అడగండి. మీకు తెలియంది ఏదో ఒకటి బీరువాలో ఉండే ఉంటుంది.

మళ్లీ కలుద్దాం. ఉంటాను.