ఓడిన ఫోర్డు కొన్న పత్రిక

ఎన్నికలొస్తే మన పేటల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. 'బాగా ఉన్నవాడైతే మన సొమ్ము తినడు, ఆయన్నే గెలిపిద్దాం' అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అమెరికా కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డు గుర్తుకొస్తాడు.

1914లో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించిన మనిషి ఆయన. అప్పటి కూలికి అది దాదాపు రెట్టింపు. అయితే ఆ మొత్తం చేతికందాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి చూసేవారు: తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా, డబ్బు దాచుకుంటున్నాడా అని. మనవాళ్లు ఈ కథలో మొదటి సగమే చెబుతారు.

1918లో అధ్యక్షుడు విల్సన్ అడిగితే మిషిగన్ రాష్ట్రం నుంచి సెనేటుకు నిలబడ్డాడు. అక్కడ పార్టీ అభ్యర్థినీ జనమే ఓటేసి ఎంచుకుంటారు. ఫోర్డు రెండు పార్టీల్లోనూ పేరిచ్చాడు. డెమోక్రాట్లలో గెలిచాడు, రిపబ్లికన్లలో ట్రూమన్ న్యూబెరీ చేతిలో ఓడాడు. నవంబరులో మళ్లీ ఆయనతోనే పోటీ, కొద్ది వేల ఓట్లతో ఓటమి. యుద్ధకాలంలో కొడుకు ఎడ్సెల్‌కు సైన్యం నుంచి మినహాయింపు దొరకడం ప్రత్యర్థులకు బాగా పనికొచ్చింది.

విడ్డూరమేమిటంటే, అంత ధనవంతుడూ ప్రచారానికి జేబు పెద్దగా విప్పలేదు. డబ్బు పారించింది అవతలివాళ్లు. చట్టం 3,750 డాలర్ల దగ్గర గీత గీస్తే, న్యూబెరీ తరఫున లక్షకు పైగా ఖర్చయింది. కేసు నడిచి శిక్ష పడింది. 1921లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అయినా అపకీర్తి వదల్లేదు, 1922లో ఆయన రాజీనామా చేశాడు.

ఇక్కడితో ఆపితే ఫోర్డు మీద జాలి కలుగుతుంది. కానీ ఓడిన కొద్ది రోజులకే ఆయన 'డియర్‌బోర్న్ ఇండిపెండెంట్' అనే వారపత్రికను కొన్నాడు. 1920 మే నుంచి అందులో వారం వారం యూదుల మీద విషం కక్కించాడు. తన కార్లమ్మే డీలర్ల చేతనే ఆ పత్రికను అమ్మించాడు. సెనేటులో ఉండుంటే తోటి సభ్యులు నిలదీసేవారు, ఆరేళ్లకోసారి జనం గడప తొక్కాల్సి వచ్చేది. పత్రిక యజమానికి ఆ బెడద ఏముంది? అభ్యర్థి ఖర్చుకు లెక్క అడిగే చట్టమైనా ఉంది. దీనికి ఎవరు లెక్క అడగాలి?

చివరికి ఒక యూదు న్యాయవాది పరువునష్టం దావా వేశాడు. 1927లో ఫోర్డు క్షమాపణ ప్రకటించి, ఆ ఏడాది చివర్లో పత్రిక మూసేశాడు. అప్పటికే ఆ వ్యాసాలు పుస్తకాలై, జర్మన్ భాషలోకి వెళ్లిపోయాయి.