పిల్లలకు పూచీ పడిన ఆపా

(మన ఊరి గ్రంథాలయంలో పిల్లల విభాగాన్ని ఇన్నేళ్ళూ చూసుకుని పదవీ విరమణ చేసిన గ్రంథాలయాధికారిణిగారి సన్మాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మాష్టర్ని. తెలుగులో ఉపన్యాసం అంటే నాకు కాస్త బెరుకే. కార్యదర్శిగారు “నాలుగు ముక్కలు చెప్పండి మాష్టారూ” అన్నప్పుడు తప్పించుకుందామనే చూశాను. కాని ఈవేళ సన్మానం అందుకుంటున్న అమ్మగారికి నేను బాకీ ఉన్నాను. నోరు మూసుకుని కూర్చుంటే బాకీ ఎగ్గొట్టినట్టవుతుంది. అంచేత ఆ బాకీ సంగతే చెబుతాను.

అమ్మగారు తన పేరూ ఫోటో సావనీరులో వెయ్యవద్దన్నారట. వేసినా మా పిల్లలకు ఆ పేరు తెలియదు. వాళ్ళకు ఆవిడ “ఆపా”. మా ఇళ్ళల్లో అక్కను ఆపా అంటాం. మా పిల్లలు అలా పిలుస్తుంటే విని, పక్కన కూర్చున్న హిందువుల పిల్లలు అదే ఆవిడ పేరనుకున్నారు. ఒకసారి ఒక కుర్రాడి తండ్రి వచ్చి “ఆపాగారున్నారాండీ?” అని అడిగితే ఆవిడ నవ్వుకుని “ఉన్నానండి, రండి” అన్నారు. ఆ పేరు అలాగే నిలిచిపోయింది. నేనూ ఇక్కడ ఆపాగారనే అంటాను.

మనం గోదావరి జిల్లావాళ్ళం. గ్రంథాలయం అన్న మాట మనకు కొత్తది కాదు. గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కైన అయ్యంకి వెంకటరమణయ్యగారు 1890లో పుట్టింది మనకు దగ్గర్లోనే, బిక్కవోలు వైపు కొంకుదురులో. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాలవారిని ఒక్కచోట చేర్చిన మహాసభ వారి పూనికతోనే జరిగింది. దానికి అధ్యక్షత వహించినది మన రాజమండ్రి చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆ తర్వాత 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా పెదపాలెం వైపు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టించి, ప్రయాణీకుల చేత చదివించారు. కాలువల పక్కన పుట్టి పెరిగినవాళ్ళం, ఆ పడవను ఊహించుకోవడం మనకేమీ కష్టం కాదు.

ఆ పెద్దలందరూ చేసిన పని ఒక్కటే. చదివేవాడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే వాడి దగ్గరకు వెళ్ళాలన్నారు. ఆపాగారు చేసిందీ అదే. ఆవిడకు పడవ లేదు. చేతిలో ఒక గుడ్డ సంచి, అంతే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. సొంత ఇల్లున్నవాడు పన్నులో కడతాడు, అద్దెకున్నవాడు అద్దెలో కడతాడు. అంటే ఆ తలుపు మనందరిదీ. మరి ఇరవై యేళ్ళ కిందట మన వీధుల పిల్లల్లో ఆ గుమ్మం ఎక్కినవాళ్ళు ఎంతమంది? నాకు తెలిసి ఒక్క చేతి వేళ్ళు చాలు. తప్పు గ్రంథాలయానిది కాదు. తప్పు మాలాంటివాళ్ళది. ముఖ్యంగా నాది.

అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. ఆపాగారూ మన ఊరికి కొత్తే. ఒకనాడు బడికి వచ్చి, “మాష్టారూ, మీ పిల్లల్ని సాయంత్రం పూట గ్రంథాలయానికి పంపుతారా?” అని అడిగారు. గ్రంథాలయానికి శుక్రవారం సెలవు. మా బడికీ శుక్రవారమే సెలవు. మా పిల్లలకు తీరికున్న రోజున అక్కడ తాళం ఉంటుంది. ఆ వంక చెప్పాను. “అయితే ఆదివారం ఆఖరు పీరియడు అయ్యాక వరసలో తీసుకురండి” అన్నారావిడ. వంక పోయింది. ఇక అసలు మాట చెప్పాల్సి వచ్చింది. “అమ్మగారూ, మా పిల్లలకు ఉర్దూయే ఇంకా సరిగా రావడం లేదు. తెలుగు కథల పుస్తకాల్లో పడితే ఉన్నది కాస్తా పోతుంది” అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. “ముందు పుస్తకం పట్టుకోనివ్వండి మాష్టారూ. కుడివైపు నుంచి తెరిచాడా, ఎడమవైపు నుంచి తెరిచాడా అన్నది తర్వాత చూసుకుందాం” అన్నారు.

తర్వాత ఆవిడ చేసిన పని చెబుతాను, ఎందుకంటే ఉపాధ్యాయులందరూ నేర్చుకోవలసిన పని అది. నేషనల్ బుక్ ట్రస్టువారు నెహ్రూ బాల పుస్తకాలయం పేరిట పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తారు. ఒకే పుస్తకం చాలా భాషల్లో వస్తుంది. కథా బొమ్మలూ అవే, అక్షరాలే వేరు. ఆపాగారు అలాంటివి తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి తెప్పించి బల్ల మీద పక్కపక్కన పెట్టేవారు. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా చార్మినారు దగ్గర కొట్లలో ఢిల్లీ మక్తబా జామియావారి పిల్లల పుస్తకాలు నాచేత కొనిపించేవారు. డబ్బు చాలావరకు ఆవిడదే.

ఆవిడకు ఉర్దూ అక్షరం ముక్క రాదు. మొదటిసారి ఉర్దూ పుస్తకాలన్నీ అలమారలో వెనకముందులుగా సర్దారు. మా నాలుగో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. బడిలో నోరు విప్పేవాడు కాదు, వాడికి చదువు రాదని నేనే తేల్చేశాను. వాడు వెళ్ళి, “ఆపా, ఇది అట్ట కాదు, అది అట్ట” అని ఒక్కొక్క పుస్తకమే తిప్పిపెట్టాడట. ఆవిడ వాడికి కుర్చీ వేసి, “అయితే నాకు నేర్పు” అన్నారు. రోజుకో అక్షరం చొప్పున వాడి దగ్గర అలిఫ్ బే నేర్చుకున్నారు. మర్నాటి పాఠం తప్పకూడదని వాడు రాత్రి ఇంట్లో కూర్చుని చదువుకుని వచ్చేవాడు. బదులుగా వాడు తెలుగు పుస్తకంలోని మాటల్ని ఉర్దూ పుస్తకంలోని కథతో జోడించుకుంటూ కూడబలుక్కున్నాడు. ఏడాది తిరిగేసరికి రెండూ చదివాడు. ఉర్దూ పోలేదు. సరిగదా, కుదురుకుంది.

అప్పుడు నాకు పిఠాపురం ఉమర్ ఆలీషాగారు గుర్తొచ్చారు. 1885లో పుట్టి 1945లో పోయిన ఆ మహాకవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. పారసీ తెలిసినందువల్ల ఆయన తెలుగు తగ్గలేదు, తెలుగు రాసినందువల్ల పారసీ పోలేదు. ఇంత దగ్గర్లో అంత నిదర్శనం ఉండగా నేను పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. అది నా మొదటి బాకీ.

రెండోది సంతకం బాకీ. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే సభ్యత్వం కావాలి. దానికి డిపాజిట్టు, ఫారం మీద ఒక బాధ్యుడి సంతకం, అంటే పూచీ కావాలి. మా పిల్లల తండ్రుల్లో రైసుమిల్లుల్లో బస్తాలు మోసేవాళ్ళు ఉన్నారు, మెకానిక్కులు ఉన్నారు, ద్వారపూడి నుంచి బట్టలు తెచ్చి సైకిలు మీద ఊళ్ళు తిరిగి అమ్మేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పూచీ ఎవరు పడతారు? ఆపాగారు ఫారాలు తెచ్చి నా ముందు పెట్టారు. నేను కలం తియ్యలేదు. పుస్తకం పోతే జీతంలోంచి కట్టాలి కదా అని భయం. ఆవిడ ఒక్క నిమిషం ఊరుకుని, “సంతకం మీరు పెట్టండి, పోతే డబ్బు నేను కడతాను” అన్నారు. చెప్పొద్దూ, అప్పుడు కూడా ఆ మాట రూఢి చేసుకునే పెట్టాను. ఊరు పేరు తెలియని పిల్లలకు ఆవిడ పూచీ పడ్డారు. ఉన్న ఊళ్ళో ఉన్న మాష్టర్ని, నేను పడలేదు.

పుస్తకాలు పోలేదా అంటే పోయాయి. ఒక వానాకాలం రాత్రి ఒక ఇంటి కప్పు కారి పుస్తకం ముద్దయిపోయింది. ఆ కుర్రాడు భయపడి గ్రంథాలయం మానేశాడు. నాలుగు రోజులు చూసి ఆపాగారు కలువపువ్వు సెంటరు దాటి వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. తండ్రి సైకిలు మీద బట్టలమ్ముకునే మనిషి. “డబ్బు లేదమ్మా, ఇది తీసుకోండి” అని నీలంరంగు గుడ్డ కొంత చింపి చేతిలో పెట్టాడు. వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుందని తీసుకున్నారు. పుస్తకం ధర తానే కట్టేశారు. ఆ గుడ్డను కుట్టించి పిల్లల అలమారకు తెరగా వేశారు. మర్నాడు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చిన ఆ తండ్రి తెరను చూసి, మాట్లాడకుండా కొడుకుని చాప మీద కూర్చోబెట్టి వెళ్ళాడు. ఇన్నేళ్ళకు ఆ తెర వెలిసిపోయింది. కాని ఇప్పటికీ అక్కడే ఉంది, వెళ్ళి చూడండి.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. ఏడో తరగతి తర్వాత బడి మాన్పించిన ఒక అమ్మాయికి తమ్ముడి కార్డు మీద పుస్తకాలు వెళ్ళేవి. పదేళ్ళ కుర్రాడు ఇంత లావు నవల ఎందుకు అడుగుతున్నాడని ఆపాగారు ఆరా తియ్యలేదు. ఏది అడిగితే అది ఇచ్చి, అందులో ఒక చీటీ పెట్టేవారు: “ఇది అయ్యాక ఏది కావాలో రాసి పంపు.” అలా ఆరేళ్ళు నడిచింది. తర్వాత ప్రైవేటుగా పరీక్ష రాసింది ఆ అమ్మాయి. ఈవేళ తన కూతురిని ఒళ్ళో పెట్టుకుని ఈ సభలోనే కూర్చుంది. ఎవరని చెప్పను. ఆ చీటీలు మాత్రం ఇప్పటికీ దాచుకుందని నాకు తెలుసు.

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి బడులూ గ్రంథాలయాలూ మూసేసినప్పుడు, చదువు ఫోనులోకి వెళ్ళింది. మా పిల్లల ఇళ్ళల్లో చాలాచోట్ల ఆ ఫోను లేదు. ఆంక్షలు సడలించాక ఆపాగారు తన ఇంట్లోని సొంత పుస్తకాలు గుడ్డ సంచిలో వేసుకుని, మూతికి మాస్కు కట్టుకుని వీధి మొదట్లో అరుగు మీద పెట్టి వెళ్ళేవారు. వారం తర్వాత వచ్చి సంచి మార్చేవారు. రిజిస్టరు లేదు, సంతకం లేదు. ఇందాక పాతూరివారి పడవ గురించి చెప్పింది అందుకే.

ఇప్పుడు శాలువా కప్పుతాం, పూలదండ వేస్తాం. ఆవిడకు వాటి మీద మోజు లేదని మీకూ తెలుసు. రేపు ఉదయం ఆ గుమ్మం దగ్గర పిల్లలు నిలబడి “ఆపా ఏరీ?” అని అడుగుతారు. ఏం చెబుదాం? ఆ మూలను చూసుకునే మరొక మనిషిని త్వరగా వెయ్యమని ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు, అడుగుదాం. ఉర్దూను 2022లో రాష్ట్రానికి రెండో అధికార భాషగా చేశారు, సంతోషం. కాని చట్టం దానంతట అది ఒక కథల పుస్తకం తెచ్చి అలమారలో పెట్టదు. మనిషి ఉండాలి. ఆ మనిషి వచ్చేదాకా, వచ్చాక కూడా, మనం చెయ్యగలిగింది ఒకటుంది.

గ్రంథాలయం నుంచి ఖాళీ సభ్యత్వ ఫారాలు తెచ్చి ఆ బల్ల మీద పెట్టించాను. సంఘం సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లకో పిల్లవాడికో పూచీ పడండి. మీ సొంత పిల్లలకు కాదు, పక్కింటివాళ్ళకు. మన పిల్లలే అననక్కరలేదు, ఏ ఇంటి పిల్లలైనా సరే. ఆపాగారు అలా చూడలేదు, మనం ఎందుకు చూడాలి? డిపాజిట్టు పెద్ద మొత్తం కాదు. పుస్తకం పోతుందంటారా? పోతే కడదాం. నా అనుభవంలో పోయిన పుస్తకాలకన్నా చేతికందిన పిల్లలే ఎక్కువ.

మొదటి ఫారం మీద నా సంతకం పెట్టాను. ఈసారి పోతే ఎవరు కడతారని అడగలేదు. అమ్మగారూ, ఇరవై యేళ్ళు ఆలస్యమయింది. మన్నించండి. మీరు విశ్రాంతి తీసుకోండి, కాని ఆదివారం సాయంత్రాలు మాత్రం వస్తూ ఉండండి. మీకు అలిఫ్ బే నేర్పిన మాష్టారు ఈవేళ సభకు వచ్చాడు. మీ పాఠం ఇంకా పూర్తి కాలేదని చెప్పమన్నాడు.