వస్తువును బైటులుగా మార్చుట

కంప్యూటరు ప్రోగ్రాములో వస్తువు ఒంటరిగా నుండదు. 'విద్యార్థి' యను వస్తువులో 'చిరునామా' యను మరియొక వస్తువు ఇమిడియుండును. దానిని ఫైలులో దాచవలెనన్నను, వేరొక యంత్రమునకు పంపవలెనన్నను బైటుల వరుసగా మార్చవలెను. జావా భాషలో 1997 నుండి ఈ సదుపాయము కలదు.

ఒకే వరుసలో వ్రాయు అన్నదమ్ములిరువురకు చిరునామా ఒక్కటే యైనచో, జావా దానిని ఒకమారే వ్రాసి, రెండవచోట గుర్తుసంఖ్యను మాత్రమే యుంచును. తిరిగి విప్పినపుడును ఇల్లు ఒక్కటిగనే నిలుచును.

ఒకనాడు మేము విద్యార్థికి 'సీరియలైజబుల్' అను ముద్ర వేసి, చిరునామాకు వేయుట మరచితిమి. వ్రాత నడుమనే ఆగిపోయెను. లోపలి వస్తువులన్నిటికిని ఆ ముద్ర యుండవలెను. అక్కరలేని భాగమును 'ట్రాన్సియెంట్' అని విడువవచ్చును. అపరిచితులు పంపిన బైటులను మాత్రము విప్పరాదు. విప్పుచుండగనే హానికరమైన పని జరుగవచ్చును.