నిలిచాడు, పిలిచాడు, అడిగాడు

రేడియో ప్రసంగ పాఠము
వాక్యభాగము: మార్కు సువార్త 10:46-52

ఇంట్లో పని చేసుకుంటూ వింటున్న తల్లులకు, మంచాన ఉండి వింటున్న పెద్దలకు, రాత్రి షిఫ్టు ముగించుకొని కంపెనీ బస్సులో వింటున్న యౌవనస్థులకు శుభములు. ఈ దినము ముఖ్యంగా కంప్యూటరు ఉద్యోగాలలో ఉన్నవారితోను, వాటి కోసం చదువుతున్నవారితోను, వారి కొరకు మోకాళ్లూనుతున్న తల్లిదండ్రులతోను మాట్లాడాలని ఆశపడుతున్నాను.

మా సంఘంలో ఒక యౌవనస్థుడున్నాడు. ఇంజనీరింగు పూర్తిచేసి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. క్రిస్మస్‌కు ఊరికి వచ్చినప్పుడు, ఆరాధన ముగిశాక అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, నా కోసం ప్రార్థన చేయండి. మా బ్యాచ్‌లో అందరూ ప్రోగ్రాములు రాస్తున్నారు. నన్ను హెల్ప్ డెస్క్‌లో వేశారు. ఫోనెత్తడం, పాస్‌వర్డులు మార్చడం, తిట్లు తినడం, ఇదండీ నా పని. ఊళ్లో ఎవరైనా అడిగితే నాన్న 'మావాడు సాఫ్ట్‌వేర్' అని మాట మార్చేస్తున్నాడు" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేనేం చేశానో తెలుసా? ఇతనికి మంచి ఉద్యోగం దయచేయుము ప్రభువా అని ప్రార్థించి పంపేశాను. ఆ రాత్రి బైబిలు తెరిచి ఈ వాక్యభాగము చదువుతుండగా నా ప్రార్థన నన్నే గద్దించింది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మన తెలుగు ఇళ్లలో సాఫ్ట్‌వేర్ అంటే ఒకటే అర్థం: కోడ్ రాయడం. మిగిలినదంతా చిన్న పని అనుకున్నాము. పాస్టరునైన నేనూ అలాగే అనుకున్నాను.

యెరికో దారిలో ఏం జరిగిందో గమనించండి. గ్రుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తున్నాడు. అనేకులు ఊరకుండమని అతనిని గద్దించారు. యేసు ప్రభువు మూడు పనులు చేశాడు. నిలిచాడు. పిలిపించాడు. ఏమి కావాలని అడిగాడు.

మొదటిది, నిలిచాడు.

మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరడానికి ఇంటర్వ్యూకు వెళ్లారు. రోజంతా సాంకేతిక ప్రశ్నలే. చివరగా ఒక అధికారి అడిగాడట, "రోడ్డు మీద ఒక పసిబిడ్డ పడి ఏడుస్తుంటే ఏం చేస్తావు?" అని. అత్యవసర నంబరుకు ఫోను చేస్తానన్నారాయన. ముందు ఆ బిడ్డను ఎత్తుకోవాలి కదా అన్నాడట ఆ అధికారి. 2014లో అదే కంపెనీకి అధిపతి అయిన తరువాత, 2017లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి ఆయనే వ్రాసుకున్నారు. తన కుమారుడు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీతో ఉండటం తనకు ఎదుటివారి బాధను అర్థం చేసుకోవడం నేర్పిందని కూడా చెప్పారు. ఆ కుమారుడు 2022లో కన్నుమూశాడు.

నా సంగతి చెబుతాను. మా సంఘంలోని ఒక మామ్మగారిని పింఛను డబ్బు కోసం ఒక కౌంటరుకు తీసుకువెళ్లాను. జీవితమంతా మిరపకాయలు కోసిన చేతులు. వేలిగీతలు అరిగిపోయాయి. యంత్రం మూడుసార్లు కాదన్నది. "కంప్యూటర్ తీసుకోవడం లేదు, రేపు రండి" అన్నాడు అక్కడి అబ్బాయి. నేనూ ఆమెతో "కంప్యూటరే కాదంటే మనమేం చేస్తాం మామ్మగారూ" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తన చేతులకేసి చూసుకుంది.

మరుసటి రోజు ఆ కౌంటరులో ఒక అమ్మాయి ఉంది. కుర్చీలో నుండి లేచి ఇవతలికి వచ్చింది. తడిగుడ్డతో మామ్మగారి చేతులు తుడిచింది. ఒక్కొక్క వేలూ పెట్టించింది. ఏదీ పడకపోతే, లోపల నుండి కంటిపాపను చూసే యంత్రం తెచ్చింది. రెండు నిమిషాలలో పని అయిపోయింది. అదే ఆఫీసు, అదే కంప్యూటర్. మారినది మనిషి ఒక్కరే. ఆ అమ్మాయి నిలిచింది.

రెండవది, పిలిచాడు. అందరూ నోరు మూయించినవాని గొంతు ప్రభువు విన్నాడు.

బ్రిటన్ దేశపు పోస్టాఫీసులలో 1999 నుండి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు. ఫుజిట్సు కంపెనీ దానిని అందించింది. ఆ వ్యవస్థలోని లోపాల వలన, జరగని నష్టం జరిగినట్టు లెక్కల్లో కనిపించేది. చిన్న చిన్న పోస్టాఫీసులు నడుపుకునేవారు సహాయం కోసం హెల్ప్‌లైన్‌కు ఫోను చేస్తే, ఈ సమస్య మీకొక్కరికే వస్తున్నదని చెప్పారట. ఎంతోమంది విచారణలో ఇదే సాక్ష్యమిచ్చారు. 1999కి, 2015కి మధ్య 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు వంటి నేరాల క్రింద శిక్ష పొందారు. ఇల్లు అమ్ముకున్నవారున్నారు. గర్భిణిగా ఉండి జైలుకు వెళ్లిన తల్లి ఉంది. ప్రాణం తీసుకున్నవారూ ఉన్నారు. ఆ కంప్యూటర్ వ్యవస్థలో లోపాలున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది. వారి శిక్షలను రద్దు చేస్తూ 2024లో పార్లమెంటు చట్టమే చేయవలసి వచ్చింది.

ఆలోచించండి ప్రియులారా. లోపం ప్రోగ్రాములో ఉన్నది నిజమే. కానీ ఫోనులో ఏడుస్తున్న మనిషిని నమ్మి, ఇటువంటి ఫోన్లు ఇంకెన్ని వచ్చాయో లెక్క చూద్దామని పై అధికారుల దగ్గర పట్టుబట్టి ఉంటే, ఎన్ని కుటుంబాలు నిలబడి ఉండేవో! హెల్ప్ డెస్క్ చిన్న పని అని ఇక ఎవరంటారు?

మూడవది, అడిగాడు.

బర్తిమయి గ్రుడ్డివాడని అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా ప్రభువు అతని నోటనే చెప్పించాడు. సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ అడిగే పనికి ప్రత్యేకంగా ఉద్యోగాలే ఉన్నాయి. వాడేవారికి ఏం కావాలో తెలుసుకొని ప్రోగ్రామర్లకు చెప్పే బిజినెస్ అనలిస్టులు, తెర మీద ఏది ఎక్కడ ఉంటే సులువో చూసే డిజైనర్లు, నేర్పే ట్రైనర్లు, అంధులు కూడా వాడగలరో లేదో పరీక్షించే టెస్టర్లు. అంధులకు తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. దానిని మొదలుపెట్టిన మైకేల్ కర్రన్ కూడా అంధుడే. అవసరం ఎరిగినవాడు చేశాడు గనుక అది ఎందరికో కన్నైంది.

2022 నవంబరులో ఛాట్‌జీపీటీ వచ్చినది మొదలు మన పిల్లలలో ఒక భయం ఉంది. ప్రోగ్రాము యంత్రమే రాస్తే మా గతేమిటని. రేపు ఏమగునో నేను చెప్పలేను. ఒకటి చెప్పగలను. ఏమి రాయించాలో తెలియాలంటే ఎవరో ఒకరు మనిషి దగ్గర కూర్చొని అడగాలి.

యౌవనస్థులారా, నాలుగు మాటలు గుర్తుంచుకోండి. మీ దగ్గరకు మరల మరల వచ్చే సమస్యలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. వీలైనప్పుడు, మీ సాఫ్ట్‌వేర్ వాడే మనిషి ప్రక్కన ఒక గంట మౌనంగా కూర్చొని చూడండి. వారు చెప్పినది మీ మాటల్లో తిరిగి చెప్పి, "నేను అర్థం చేసుకున్నది సరియేనా అండీ?" అని అడగండి. పని కూడా లోతుగా నేర్చుకోండి. ప్రేమ ఉండి పని రాకపోతే మామ్మగారికి పింఛను రాదు. ఆ అమ్మాయికి దయ ఉంది, కంటి యంత్రం వాడటమూ తెలుసు.

ఆ కుమారునికి మరునాడే ఫోను చేశాను. నిన్న తొందరపడి ప్రార్థించాను బాబూ, క్షమించు అని చెప్పి, ఈ మాటలే పంచుకున్నాను. అతడు నోటుపుస్తకం పెట్టాడు. కొన్ని నెలలకు ఒక సంగతి బయటపడింది. ఒకే తెర దగ్గర జనం మరల మరల చిక్కుకుంటున్నారు. ప్రోగ్రాములు రాసేవారి దగ్గరకు ఆ పుస్తకం తీసుకువెళ్లి చూపించాడు. మొదట నవ్వారట. తరువాత ఆ తెర మార్చారు. ఆ ఫోన్లు తగ్గిపోయాయి. ఇప్పటికీ అతడు అదే డెస్క్‌లో ఉన్నాడు. క్రొత్తగా చేరేవారికి పని నేర్పే బాధ్యత కూడా అతనికే ఇచ్చారు. మొన్న వాళ్ల నాన్న నాతో అన్నాడు, "అయ్యగారూ, మావాడు కంప్యూటర్లో ఇబ్బందిపడే జనానికి దారి చూపిస్తాడండి" అని. మాట మార్చలేదు.

ప్రియ తల్లిదండ్రులారా, మీ బిడ్డకు ఎంత జీతమని అడిగే ముందు, ఈ రోజు ఎవరికి సహాయం చేశావని అడగండి.

ప్రార్థన చేసుకుందాం. పరిశుద్ధుడవైన తండ్రీ, దారి ప్రక్కనున్నవాని కేక విని నిలిచిన నీ కుమారుని బట్టి నీకు స్తోత్రములు. కంప్యూటర్ల ముందు కూర్చున్న మా బిడ్డలకు వినే చెవులను, నమ్మే హృదయమును, నేర్పుగల చేతులను దయచేయుము. యంత్రము కాదన్న చోట మనిషిని విడువని మనస్సు మాకు అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును దీవించును గాక.