రైతు చేతులకు బేడీలు
(సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, కౌలు కార్డులు, యూరియా కొరత గురించి పొద్దుటి నుంచి మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు ఎకరాల్లో, క్వింటాళ్లలో లెక్క తేలని సంగతి ఒకటి చెప్పాలి.

2017 ఏప్రిల్‌లో ఖమ్మం మార్కెట్ యార్డు మీకు గుర్తుండే ఉంటుంది. ముందటి ఏడు పది వేలు దాటి పలికిన మిర్చిని సగం ధరకు కూడా అడిగే దిక్కు లేకపోయింది. కడుపు మండిన రైతులు తిరగబడ్డారు, యార్డులో ధ్వంసం జరిగింది. కేసులు పెట్టారు, సరే. కానీ మే నెలలో ఆ రైతులను కోర్టుకు తెచ్చినప్పుడు చేతులకు బేడీలు వేశారు. 2020 అక్టోబర్‌లో అమరావతి ప్రాంతం రైతులను జైలు మార్చేటప్పుడూ అంతే. 2023లో రీజినల్ రింగు రోడ్డు కింద భూమి పోతోందని అడిగిన రాయిగిరి రైతులను భువనగిరి కోర్టుకు అలాగే తీసుకొచ్చారు. 2024 డిసెంబర్‌లో లగచర్ల కేసు రైతు ఒకాయన జైల్లో గుండెనొప్పితో బాధపడితే, ఆస్పత్రికి సంకెళ్లతోనే తీసుకుపోయారు. గుండె పట్టుకున్న మనిషి ఎక్కడికి పారిపోతాడు?

రెండు రాష్ట్రాలు, వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు. ఫొటో పత్రికలో వచ్చాక కింది సిబ్బంది మీద చర్య, పైనుంచి విచారం. ప్రతిసారీ ఇదే తంతు.

బేడీలు వేయకూడదని మనం కొత్తగా అడగడం లేదు. 1980లోనే సుప్రీంకోర్టు ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో, జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ద్వారా, ఆ మాట చెప్పింది. తప్పించుకుపోతాడనడానికి గట్టి ఆధారం ఉంటే తప్ప బేడీలు వేయడం అమానుషం, 21వ అధికరణానికి విరుద్ధం అంది. 1995లో ఇంకో అడుగు వేసి, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా వేయొద్దంది. నిరుడు మొన్నటి మాట కాదిది, దశాబ్దాల నాటిది.

ఆ శుక్లా ఎవరనుకున్నారు? రైతూ కాదు, ఉద్యమ నాయకుడూ కాదు. మోసం కేసుల్లో తీహార్ జైల్లో ఉన్న విచారణ ఖైదీ. జైలు నుంచి కోర్టుకు ఒక టెలిగ్రాం కొట్టాడు. అప్పటి పంజాబ్ పోలీసు నిబంధనల్లో 'మేలు తరగతి' ఖైదీలకు బేడీల నుంచి మినహాయింపు ఉండేది, మామూలోళ్లకు లేదు. ఉన్నోడి గౌరవం ఒకటి, లేనోడిది ఇంకొకటా అని కోర్టు ఆ తేడాను కొట్టేసింది.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. 'రైతుకు బేడీలా?' అని మనం ఫ్లెక్సీలు కట్టాం. కూలివాడికైతే పర్వాలేదా? మన ఊళ్లోనే మోటారు దొంగ అని ఒక కుర్రాణ్ణి కరెంటు స్తంభానికి కట్టేస్తే చూస్తూ నిలబడినవాళ్లం మనలో లేరా? వాడి చేతులకు కట్టిన తాడు గురించి నోరెత్తకపోతే, రేపు మన చేతుల గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టం, అంటే నాగరిక్ సురక్షా సంహిత, 43వ సెక్షన్‌లో బేడీలు వేయదగ్గ నేరాల జాబితా ఇచ్చింది. హత్య, ఉగ్రవాదం, మత్తుమందులతో పాటు రాజ్యానికి వ్యతిరేకమైన నేరాలూ అందులో ఉన్నాయి. రాస్తారోకో, ధర్నా ఆ జాబితాలో లేవు. కానీ సర్వే ఆపిన రైతు మీద ఏ సెక్షన్ రాస్తారో చూస్తూనే ఉన్నాం. అందుకే ఎఫ్ఐఆర్ కాపీ చేతికి రాగానే సెక్షన్లు చదివించుకోవాలి.

అరెస్టు ఎందుకో చెప్పాలి, ఇంటివాళ్లకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అక్కడ బేడీలు వేశారని, కొట్టారని నోరు విప్పి చెప్పాలి. భయపడి 'ఏం లేదు సార్' అంటే రికార్డులో అదే నిలుస్తుంది. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు, న్యాయ సేవాధికార సంస్థకు ఒక కాగితం పెడితే చాలు.

పాత ధర్నాల కేసుల్లో ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నవాళ్లు మన మండలంలో ఉన్నారు. ఊరి కమిటీలు వాళ్ల పేర్లు, కేసు నంబర్లు, తర్వాతి వాయిదా తేదీ రాసి వచ్చే సమావేశానికి తీసుకురండి. వాయిదా నాడు ఒక్కో ఊరి నుంచి ఇద్దరైనా కోర్టు దగ్గర వాళ్ల పక్కన నిలబడదాం.